తాళము వేసి గొళ్ళెము మరువరాదు
(స్వంత వాహనముల రక్షణమును గూర్చిన ఉపన్యాస పాఠము)

"తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని" అనునది తెలుగునాట ఇల్లిల్లును ఎరిగిన సామెత. ఆ మాట యన్న గృహిణి తాళము కొనక పోలేదు, వేయకయు పోలేదు. ఖర్చును, శ్రమయు రెండును పడినది. కాని తాళము దేనిని పట్టి యుంచవలెనో దానినే తగిలింపలేదు. స్వంత వాహనములను దొంగల బారినుండి కాపాడుకొను విషయమున నేడు పెక్కుమంది స్థితి యిట్లే యున్నది. వేలకువేలు పోసి బండి కొందురు. వందలు పోసి తాళము కొందురు. తాళమును చక్రమునకు వేయుదురు. చక్రమును మాత్రము దేనికిని కట్టరు. ఇద్దరు బలిష్ఠులు వచ్చి బండిని తాళముతో సహా ఎత్తి మరియొక వాహనములో వేసికొని పోయినచో, తాళము చెక్కు చెదరదు, బండి మాత్రముండదు.

ఈ విషయము ఎల్లచోట్లను ఆలోచింపదగినదే యైనను, బస్తరు ప్రాంతమున మరింత శ్రద్ధతో ఆలోచింపదగినది. బస్తరు తెలుగువారికి క్రొత్త చోటు కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఇటువచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ పరంపర చెప్పుచున్నది. దక్షిణమున కుంటా, పడమట భోపాలపట్నము ప్రాంతములందు నేటికిని తెలుగు వినబడును. 1958లో దండకారణ్యాభివృద్ధి సంస్థయు, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థయు ఏర్పడిన తరువాత, బైలడిలా కొండలలో ఇనుప ఖనిజపు గనులును, కొత్తవలస నుండి కిరందుల్ వరకు రైలుమార్గమును వెలసిన తరువాత, ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు జగదల్పూరు, బచేలి, కిరందుల్ పట్టణములలో స్థిరపడినవి. ఇటీవల నగర్నారు ఉక్కు కర్మాగారము వచ్చినది. దానితో మరికొన్ని కుటుంబములు చేరినవి.

ఇచ్చట దూరములు పెద్దవి. కిరందుల్ నుండి జగదల్పూరునకు నూరు కిలోమీటర్లకు మించి యుండును. జగదల్పూరు నుండి రాయపూరునకు సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నమునకును ఇంచుమించుగా అంతే. మహానగరములో బండి పోయినవాడు మరునాడు సిటీబస్సు ఎక్కును. బస్తరులో బండి పోయినవాని పిల్లలు బడికి పోవుటయు, వృద్ధమాత ఆసుపత్రికి పోవుటయు, తాను రాత్రి పాళీకి పోవుటయు అన్నియు ఒక్క దినముననే నిలిచిపోవును. కాన ఇచ్చట మోటారు సైకిలు విలాసవస్తువు కాదు, సంసారమునకు కాళ్ళవంటిది.

ఒక చిరుద్యోగిని భావించుకొనుడు. ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మోటారు సైకిలు కొనుటకు ప్రభుత్వమే అడ్వాన్సు ఇచ్చుచుండెను. ఏడవ వేతన సంఘపు సిఫారసుల దరిమిలా 2016లో అది రద్దయినది. ఇప్పుడాతడు బ్యాంకునుండియో, ఋణసంస్థనుండియో అప్పు తీసికొని బండి కొనవలెను. మూడేండ్ల వాయిదాలు. ఏడాది తిరుగకముందే బండి చోరీ యైనచో, బండి పోవునే గాని వాయిదాలు పోవు. లేని బండికి నెలనెలా సొమ్ము చెల్లించుటకంటె మనసు నొచ్చు పని మరియొకటి లేదు. అందుచేత "పోయిన నేమి, భీమా యున్నది కదా!" యని ధైర్యపడుట తొందరపాటు. ఆ భీమా సంగతి ముందు విచారింపబడును.

రక్షణోపాయములను తెలియవలెనన్న ముందు చోరుని మనస్సును తెలియవలెను. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడను చోరుడు కలడు. అతడు ఇంటికి కన్నము వేయుటకు ముందు గోడయంతయు తడిమి, నీటితడికి ఎచ్చట నానినదో, ఎచ్చట చప్పుడు కాదో చూచుకొనును. జందెమునే కొలత త్రాడుగా వాడును. అంతటి శాస్త్రజ్ఞుడును గట్టిగోడతో పోరాడడు. మెత్తని చోటును వెదకును. నేటి వాహనచోరుడును అంతే. అతడు భయపడునవి మూడు. మొదటిది కాలము: పని నిమిషములో ముగియవలెను. రెండవది కంటబడుట: చప్పుడును, వెలుతురును అతనికి శత్రువులు. మూడవది గుర్తు: కొనిపోయిన పిమ్మట బండి ఫలానావారిదని తెలియరాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని పెంచినను చోరుడు వెనుకాడును. తెరవ సాధ్యముకాని తాళము లోకములో లేదు. తాళము పని తెరువరాకుండుట కాదు, ఆలస్యము చేయుట. ఈ ఒక్కమాట గుర్తున్నచో ఏ పరికరము కొనవలెనో, ఏది వలదో యజమానికే తోచును.

మూడవ భయము బస్తరులో చోరునకు తక్కువ యని చెప్పక తప్పదు. జగదల్పూరు నుండి తూర్పునకు పోయిన గంటలోపల ఒడిశా సరిహద్దు. దక్షిణమున కుంటా దాటిన ఆంధ్రప్రదేశ్. పడమటి వైపున తెలంగాణము, మహారాష్ట్రము. తెల్లవారి యజమాని పళ్ళు తోముకొనుచు బండికై చూచునప్పటికి, అది మరియొక రాష్ట్రమున, మరియొక పోలీసు శాఖ పరిధిలో నుండవచ్చును. కావున బస్తరు వాసి బండి కదలకుండ మొదటి ఘడియలో ఆపు ఉపాయములకే ఎక్కువ ప్రాధాన్య మీయవలెను; కదలిన పిమ్మట వెదకు ఉపాయములకు తరువాతి స్థానము.

ఇక ఉపాయములు. బండితోపాటు కంపెనీవారు ఇచ్చు హ్యాండిలు తాళము మొదటిది. అది యుండవలసినదే, అంగడి ముందు రెండు నిమిషములు ఆగినను వేయవలసినదే. కాని అది చిన్న ఇనుప నాలుక. దాని బలమెంతయో యజమానికంటె చోరునకే బాగుగ తెలియును. కాన పైనుండి కొని బిగించుకొను రక్షణ మొకటి అవసరము.

అట్టివానిలో చక్రపు డిస్కునకు వేయు తాళము చిన్నది, తేలిక యైనది, జేబులో పట్టునది. కొన్ని వందల రూపాయలకు లభించును. కొన్నిటిలో బండి కదలినచో కూతపెట్టు గంట కూడ నుండును. దీనికొక దోషము కలదు. వేసిన సంగతి యజమానియే మరచి బండి నడిపిన పడిపోవును. అందుచేత తాళమునుండి హ్యాండిలు వరకు రంగు త్రాడొకటి కట్టుకొనుట మంచిది. బజారులో స్వల్పకాలము నిలుపుటకు ఈ తాళము చాలును, రాత్రికి చాలదు.

రాత్రికి తగినది గొలుసు. సైకిలునకు వాడు సన్నని తీగ గొలుసు కాదు. దళసరి గట్టి ఉక్కు గొలుసు. దానిని చక్రములోనుండి మాత్రమే కాక బండి చట్రములోనుండి కూడ దూర్చి, కదలని వస్తువునకు బిగింపవలెను. చక్రము విప్పదగినది, చట్రము విప్పరానిది. కదలని వస్తువేది? అదియే సామెతలోని గొళ్ళెము. ఇంటిముందు సిమెంటులో లోతుగా పాతిన ఇనుప కడియమున్నచో అంతకంటె కావలసినది లేదు. బస్తరు ఇనుపపనికి పేరుగన్నది. కొండగాఁవ్ పరిసరముల కమ్మరులు ఇనుమును సాగగొట్టి చేయు బొమ్మలు, దీపస్తంభములు దేశమంతటను అలంకారములై నిలిచియున్నవి. ఆ చేతులకు ఒక కడియము, ఒక కొక్కెము ఎంత పని? పరదేశపు పేరు చెక్కిన తాళమునకు వేలు పోయు యజమాని, స్థానికుడగు కమ్మరికి కొద్దిపాటి కూలి ఇచ్చి గొళ్ళెము చేయించుకొనుట మరచుచున్నాడు. గొలుసు నేలమీద పడియుండకుండ ఎత్తుగా బిగింపవలెను. నేల ఆనియున్న గొలుసును కొట్టి పగులగొట్టుట సులభము. మరియొకమాట. ఇచ్చట వానలు మెండు. వర్షాకాలమంతయు తడిసిన తాళము దీపావళికి తుప్పుపట్టి, చోరునకు కాక యజమానికే తెరచుకొనకుండును. నెలకొకసారి రెండుచుక్కల నూనె వేయుట మరువరాదు.

తరువాతిది రహస్యపు స్విచ్చి. బండి రాజుకొనుటకు కావలసిన విద్యుత్తును త్రెంచు మీట నొకదానిని కంటబడనిచోట అమర్తురు. దాని నొక్కనిదే చెవి త్రిప్పినను ఇంజను పలుకదు. పూర్వపు బండ్లకు పెట్రోలు కాక్ ఉండెడిది. దానిని మూసిపెట్టినచో దొంగిలించినవాడు కొంతదూరము పోయి, బండి ఆగగా విడిచిపోవు అవకాశముండెడిది. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల వలన కొత్త బండ్లు ఇంచుమించు అన్నియు ఇంధనమును చిమ్ము యంత్రము కలవైనవి; వానికి ఆ కాక్ లేదు. కావున రహస్యపు స్విచ్చికి ఆదరణ హెచ్చినది. అయితే తెలియనివానిచేత తీగలు కోయించుట చోరునికంటె ప్రమాదకరము. సరియైన దళసరి లేని తీగ వేడెక్కి నిప్పంటుకొనవచ్చును. అతుకు వదలినచో ఘాటు రోడ్డుమీద నడచుచున్న బండి హఠాత్తుగా ఆగవచ్చును. కంపెనీ ఇచ్చిన హామీయు చెల్లకపోవచ్చును. కంపెనీవారి మెకానిక్కును అడిగియే ఈ పని చేయించవలెను. చేయించిన పిమ్మట అది ఎచ్చట నున్నదో మిత్రులకు చూపి మురియరాదు. నలుగురికి తెలిసిన రహస్యము రహస్యము కాదు.

జాడ తెలుపు జి.పి.యస్. పరికరమును గూర్చి నేడు చాల ఉత్సాహము కనబడుచున్నది. ఉత్సాహము తగినదే, కాని దాని పని యెట్టిదో తెలిసి కొనవలెను. ఆ పరికరము ఉపగ్రహముల సంకేతములను బట్టి తానున్న తావును లెక్కకట్టును. ఆ తావును యజమాని ఫోనునకు చెప్పుటకు మాత్రము మొబైలు టవరు కావలెను. విశాఖపట్నపు వీధిలో ఈ రెండును లభించును. దర్భా ఘాటు దాటి అడవిలో ప్రవేశించిన పిమ్మట ఆకాశము కనబడును గాని టవరు అన్నిచోట్ల కనబడదు. మంచి పరికరము త్రోవలోని జాడలను తనలో దాచుకొని, టవరు దొరకిన వెంటనే అన్నిటిని ఒక్కసారి పంపును. అట్టి గుణమున్నదా యని కొనుటకు ముందే అడుగవలెను. లోపలి సిమ్‌కార్డు ఏ కంపెనీదో, ఆ కంపెనీ సంకేతము తమ ఊరిలో అందునో లేదో చూడవలెను. ఏటేట చందా కట్టుట మరచినచో పరికరము మూగదగును. వారముల తరబడి నడుపని బండిలో అది బ్యాటరీని మెల్లమెల్లగా త్రాగివేయును. అన్నిటికంటె ముఖ్యమైనది: జాడ తెలిసినంతనే యజమాని తానొక్కడే వెంటబడరాదు. ఆ జాడను పోలీసులకు చూపవలెను. బండికి వెల కట్టవచ్చును, ప్రాణమునకు కట్టలేరు.

కార్ల సంగతి కొంత వేరు. చెవిలో దాగిన చిన్న ఎలక్ట్రానిక్ గుర్తును పోల్చుకొన్నగాని ఇంజను రాజుకొననీయని ఇమ్మొబిలైజరు అను యంత్రమును ఐరోపా దేశములు 1998 అక్టోబరు నుండి కొత్త కార్లన్నిటికిని తప్పనిసరి చేసినవి. నేడు మన దేశపు కార్లలోను అది సాధారణమైనది. అది లేని పాత కారుల వారు స్టీరింగు చక్రమునకు అడ్డముగా వేయు పొడవైన ఇనుప తాళమునో, గేరు తాళమునో బిగించుకొనవచ్చును. అద్దములోనుండి ఎర్రగా కనబడుటయే స్టీరింగు తాళమునకు సగము బలము. చెవి జేబులో నుండగానే తలుపు తెరచుకొను కార్లకు క్రొత్త అపాయము కలదు. ఇంటిలోని చెవి సంకేతమును బయటినుండి యంత్రముతో అందుకొని కారుకు చేరవేయు చోరులు పాశ్చాత్య దేశములలో బయలుదేరిరి. రాత్రివేళ ఆ చెవిని లోహపు పొరగల సంచిలో నుంచిన సంకేతము బయటికి పోదు.

ఇంతవరకు బండి కదలకుండ చేయు ఉపాయములు. ఇక గుర్తు సంగతి. భారతమునందు ఘోషయాత్రా ఘట్టము అందరును ఎరిగినదే. దుర్యోధనుడు ద్వైతవనమునకు పోవుటకు చెప్పిన నెపమేమి? ఆలమందలను లెక్కించి, దూడలకు గుర్తులు వేయించుట. పశువే ధనమైన ఆ కాలమున, ముద్ర వేయని పశువు పోయినచో అడుగు దిక్కు లేదు. బైలడిలా యను మాటకు ఎద్దు మూపురమని అర్థము చెప్పుదురు. ఆ మూపురము నీడలో నేడు ఎద్దులకు బదులు మోటారు సైకిళ్ళు నిలిచినవి. ముద్ర వేయవలసిన ధర్మము మాత్రము మారలేదు.

2019 ఏప్రిల్ 1 నుండి అమ్మబడు కొత్త వాహనములకు అధిక భద్రతగల నంబరు ప్లేటు వచ్చుచున్నది. అల్యూమినియపు రేకుమీద అశోకచక్రపు హోలోగ్రామును, లేసరుతో చెక్కిన ప్రత్యేక సంఖ్యయు నుండును. ఒకసారి బిగించిన పిమ్మట దాని మేకు విరుగనిదే ఊడిరాదు. పాత బండ్లకును దీనిని వేయించుకొనవచ్చును. దానితో తృప్తిపడక, ఇంజను సంఖ్యను, పదునేడు అక్షరముల ఛాసిస్ సంఖ్యను ఇంటి పుస్తకములో వ్రాసికొనవలెను. బండి నాలుగు వైపుల ఛాయాచిత్రములను, గీతలు, సొట్టలు కనబడునట్లు తీసి యుంచవలెను. అద్దములపైనను, ప్లాస్టిక్ భాగములపైనను రిజిస్ట్రేషను సంఖ్యను చెక్కించుట మంచిది. విడిభాగములుగా అమ్మదలచిన చోరునకు అది కంటిలో నలుసు. అసలు ఛాసిస్ సంఖ్య జోలికి మాత్రము ఎవరును పోరాదు. దానిని గీకినచో సొంత యజమానియే అనుమానింపబడును.

ఇప్పుడొక పెద్ద ప్రశ్న. ఒకడు తన బండికి గొలుసు, గొళ్ళెము, గంట, స్విచ్చి అన్నియు అమర్చుకొనెను. చోరుడు వచ్చి చూచి నిరాశపడెను. అంతట అతడు ఇంటికి పోయి సన్న్యసించునా? లేదు, ప్రక్క క్వార్టరు ముందున్న బండిని చూచును. దీనికి విదేశముల అనుభవము సాక్ష్యము చెప్పుచున్నది. పశ్చిమ జర్మనీలో 1960 దశకపు ఆరంభమున కొత్తవి, పాతవి యనక కార్లన్నిటికిని స్టీరింగు తాళమును తప్పనిసరి చేసిరి. చోరీలు బాగుగ తగ్గినవి. బ్రిటనులో 1971 నుండి కొత్త కార్లకు మాత్రమే ఆ తాళము వచ్చెను. లండను నగరమున చోరీ యైన కార్లలో కొత్తవాని వంతు 1969లో నూటికి సుమారు 21 యుండగా, 1973 నాటికి సుమారు 5కు దిగినది. సంతోషమే. కాని ఆ నాళ్ళలో మొత్తము చోరీలు పెద్దగా తగ్గలేదు. చోరులు తాళములేని పాత కార్లమీద పడిరి. ఉన్నవారి తాళము లేనివారికి శాపమైనది.

కాలనీలో జరుగునదియు నిదే. అధికారి కారునకు కాపలా యున్నది. కొత్త బండికి గొలుసు ఉన్నది. చివరి వరుసలో, వీధిదీపము వెలుగని చోట, పదేండ్ల పాత బండి నిలుపుకొన్న చిరుద్యోగికి ఏమియు లేదు. చోరుని చూపు అతనిమీదనే పడును. పోయినచో మరియొకటి కొనలేనివాడును అతడే. కాన వాహన రక్షణము ఒక్కని ఇంటిపని కాదు; వరుసకంతటికి చెందిన పని. జర్మనీ చేసినట్లు అందరికిని ఒక్కసారి చేసినప్పుడే ఫలము దక్కును.

దీనికి తోడు మరి రెండు ఉదాహరణములు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్ రాష్ట్రమున, కారులో కంటబడకుండ దాచు జాడపరికరము వాడుకలోనికి వచ్చెను. ఏ కారులో నున్నదో బయటికి తెలియదు. అందుచేత చోరుడు ప్రతి కారును శంకింపవలసి వచ్చెను; పరికరము లేనివారికిని మేలు కలిగెనని 1998లో వెలువడిన ఆర్థికశాస్త్రజ్ఞుల పరిశోధన తేల్చెను. రెండవది మరింత విచిత్రము. పశ్చిమ జర్మనీలో 1980లో శిరస్త్రాణము లేక మోటారు సైకిలు నడుపువారికి అక్కడికక్కడే జరిమానా విధింప నారంభించిరి. ఆ యేడు సుమారు 1,50,000గా నున్న మోటారు సైకిలు చోరీలు 1986 నాటికి సుమారు 54,000కు పడిపోయినవి. అప్పటికప్పుడు బండి కాజేయదలచినవాని నెత్తిన శిరస్త్రాణ ముండదు. లేనిదే త్రోవలో పట్టుబడును. తల కాపాడుటకు పెట్టిన నియమము బండిని సైతము కాపాడెను. కావున శిరస్త్రాణమును అద్దమునకు తగిలించి పోవు మిత్రులు, చోరునకు మారువేషమును తామే సిద్ధము చేయుచున్నామని గ్రహింపవలెను.

ఇట్టి సామూహిక రక్షణమునకు పెద్ద ఖర్చు లేదు. ఒక్కొక్క వరుసకు ఒక దళసరి ఇనుప కడ్డీని సిమెంటులో పాతించి, బండ్లన్నిటిని దానికే కట్టవచ్చును. ఆ చోట దీపము వెలుగుచున్నదా లేదా యని చూచు బాధ్యతను నెలకొక ఇంటివారు వహింపవచ్చును. ముఖ్యముగ సంక్రాంతి దినములను తలచుకొనవలెను. తెలుగు కుటుంబములు పెట్టె బేడా సర్దుకొని రైలెక్కి విశాఖపట్నము వైపు పోవును. పది, పదునైదు దినములు క్వార్టర్లకు తాళములు. వాకిట ధూళి పట్టిన బండి, యజమాని ఊరలేడని దండోరా వేయుచుండును. ఊరికి పోవువారు బండిని ఇంటిలోపలికో, వరండాలోనికో చేర్చి, బ్యాటరీ తీగను విప్పి, ఊరనున్న పొరుగువారికి చెప్పి పోవలెను. పండుగకు పోనివారు పోయినవారి బండ్లను దినమొకసారి చూచి రావలెను. దసరాకు ఉండిపోయినవారి ఋణమును సంక్రాంతికి తీర్చుకొనవచ్చును.

బస్తరు దసరా డెబ్బదియైదు దినముల ఉత్సవము. రథోత్సవపు దినములలో జగదల్పూరునకు జనము వెల్లువగ వచ్చును. వారపు సంతలును అట్టివే. అట్టి సందడిలో బండిని దారిప్రక్కన విడువక, రుసుము చెల్లించి స్టాండులో నుంచవలెను. స్టాండు చీటీని బండికే గ్రుచ్చి పోవువారు, సీటు క్రింది పెట్టెలో రిజిస్ట్రేషను పత్రము నుంచువారు నేటికిని కలరు. బండిని, పత్రమును కలిపి ఇచ్చుట చోరునకు కన్యాదానము చేసినట్లే. డిజిలాకరులో నున్న పత్రము త్రోవలో తనిఖీకి చెల్లును. అసలు పత్రము ఇంటి బీరువాలో నుండవచ్చును.

ఇంత చేసినను బండి పోయినచో నేమి చేయవలెను? "దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు" కాక, ఆ ఘడియలోనే 112 సంఖ్యకు ఫోను చేసి, పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయించవలెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చును. ఎలక్ట్రానిక్ మార్గమున పంపిన సమాచారముపై మూడు దినములలోపల సంతకము చేయవలెను. ప్రయాణములో నుండగా బండి పోయినవారికి ఈ నియమము చాల ఉపయోగకరము. భీమా సంస్థకును వెంటనే వ్రాతమూలకముగ తెలుపవలెను. పోలీసులకు తక్షణమే ఫిర్యాదు చేసినచో, భీమా సంస్థకు తెలుపుటలోని ఆలస్యము మాత్రమే కారణముగ పరిహారమును నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. అయినను ఆలస్యమును అలవాటు చేసికొనరాదు.

భీమా విషయమున ఒక అపోహను తొలగించుకొనవలెను. చట్టము విధించునది ఇతరులకు కలుగు నష్టమునకు భీమా మాత్రమే. అది చోరీకి చిల్లిగవ్వయు ఈయదు. సమగ్రమైన భీమా యున్నవారికే పరిహారము. అదియు కొన్న వెల కాదు. తరుగుదల పోగా నిర్ణయించిన విలువ. రెండేండ్లు దాటి మూడేండ్లు నిండని బండికి నూటికి ముప్పది వంతున, నాలుగేండ్లు దాటి అయిదేండ్లు నిండనిదానికి సగమునకు తరుగు వేయుట వాడుక. అప్పు మిగిలియున్న బండికి ఆ సొమ్ము ముందుగా ఋణసంస్థకే చేరును. రెండు తాళపుచెవులను సంస్థవారు అడుగుదురు. ఒకటి బండికే వ్రేలాడదీసి పోయినవాడు చిక్కులో పడును. పుణెలోని ఆటోమోటివ్ పరిశోధన సంఘము ఆమోదించిన రక్షణపరికరమును బిగించినవారికి, సొంత నష్టపు ప్రీమియములో నూటికి రెండున్నర వంతున, 500 రూపాయలకు మించకుండ రాయితీ ఈయవలెనని పాత టారిఫ్ విధించినది. నేడు సంస్థలు తమ తమ పద్ధతుల ననుసరించుచున్నవి గనుక, పరికరము కొనునప్పుడే యోగ్యతాపత్రమును చూచి, భీమా సంస్థ నడిగి తెలిసికొనవలెను.

చివరగా కొనువారి ధర్మము. దొంగిలించిన బండిని కొనువాడు లేనిచో దొంగిలించువాడును ఉండడు. సంతలో సగము వెలకు బండి వచ్చుచున్నదన్నచో సంతోషింపక సందేహింపవలెను. జాతీయ నేర రికార్డుల సంస్థ నడపు సేవలో ఇంజను, ఛాసిస్ సంఖ్యలను బట్టి ఆ బండి చోరీ సొత్తుగా నమోదైనదేమో చూచుకొనవచ్చును. ఇతర రాష్ట్రపు బండి యైనచో నిరభ్యంతర పత్రము లేక కొనరాదు. దొంగసొత్తని తెలిసి కొనుట భారతీయ న్యాయ సంహితలో మూడేండ్ల వరకు ఖైదు పొందదగిన నేరము. దొంగతనమునకును మొదటిసారి గరిష్ఠశిక్ష అంతే. చట్టము దొంగను, కొన్నవానిని ఒకే త్రాసులో తూచినది.

సోదర సోదరీమణులారా! సాంస్కృతిక సంఘమున కవిత్వమునకు, గానమునకు చోటున్నట్లే ఇట్టి ఇహలోకపు మాటకును చోటుండవలెను. దూరదేశమున ఒకే భాష మాటలాడువారు ఒకచోట చేరుట పండుగలకు మాత్రమే కాదు; పొరుగువాని వాకిలి చూచి యుండుటకును. ప్రతి ఇంటను ఒక గొలుసు, ప్రతి వరుసకు ఒక గొళ్ళెము, ప్రతి మూలకు ఒక దీపము. ఈ మూడును సమకూడిననాడు చోరునకు మెత్తని గోడ దొరకదు. తాళము ఎవరికి వారు కొనుక్కొనవచ్చును. గొళ్ళెము మాత్రము అందరును కలిసి పాతుకొనవలసినది.

స్వస్తి.